వారు కుట్టిన చెప్పు

కోయంబత్తూరు నుంచి మదురై వెళ్లే బస్సులో కూర్చుని, ఫోనులో మావాళ్లతో, మేం అభిమానించే ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ను తిడుతున్నాను. వరుసగా ఏడో ఆట ఓడిపోయాం మరి. మా ఇంటి తెలుగు బస్సులో ఎవరికీ తెలియదని మావాళ్లందరికీ ఒక ధీమా. తిట్లకు పేరుమోసిన దిండిగల్ తాళం వేసినంత నిశ్చింత.

"రేయ్, వచ్చే ఆటకు స్టేడియం గేటు కాడ వాని గడ్డిబొమ్మకు చెప్పుల దండ వేద్దాం. ఎనిమిదో క్లాసుతో బడికి దండం పెట్టినోణ్ణి, దండ కట్టేది నాకు రాదా?"

పక్క సీటు పెద్దావిడ నా మోచేయి తట్టింది. "ఎన్ని చెప్పులు తంబీ?"

తెలుగే! ఫోను చటుక్కున కట్ చేశాను. "సుమ్మా, తమాషాకి అక్కా..."

"తమాషా వద్దు. నా కొడుకు ఆ టీములోనే ఆడినాడు. మోకాలు వాచి ఉండాదని ఏడిస్తే, నొప్పి తెలీకుండా సూది వేయించి ఆడించినాడు ఆ కోచ్ పాపి. ఇప్పుడు నా బిడ్డ మెట్లు ఎక్కలేడు."

దిండిగల్‌లో దిగే ముందు ఆమె ఎడమకాలి చెప్పు తీసి నా ఒళ్లో పెట్టింది. తెగిన వారుకు నల్లదారంతో కుట్లు. "ఇది కూడా కట్టు," అని, ఒంటి చెప్పుతోనే ఎండలో తారురోడ్డు దాటి వెళ్లిపోయింది.

తర్వాతి ఆటకు దండ నేనే కట్టాను.

"ఇంత పొడుగేందిరా? వాడేమన్నా పెండ్లికొడుకా?" అని మావాళ్లు నవ్వారు.

నేను అడుగున కట్టిన ఆ చెప్పు సరిగ్గా బొమ్మ మోకాలికి తగిలేలా దండ సర్దాను.