ఒక్క బస్తా, రెండు రసీదులు

మృగశిర కార్తెలో రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఐదు నిమిషాలు. గడియారం చూసి చెప్పడం లేదు, రసీదు మీద ఉంది. నలభై దాటాక నేర్చిన అక్షరాలు కదా, కాగితం చేతికొస్తే మొత్తం చదవనిదే వదలను.

ఆ ఏడే మా సొసైటీలో రెండు కిటికీలకూ రెండు కంప్యూటర్లు పెట్టారు. ఒక వరసలో నేను. రెండో దాంట్లో మా కోడలి తల్లి, నాకు వదిన. చండ్రుగొండ బాట మీద నా ఎడ్లబండిలో ఆమెను ఎక్కించుకొచ్చింది నేనే. గోదాంలో వరి విత్తనాల బస్తా ఒక్కటే మిగిలింది. ఆ పూట నానబెట్టకపోతే నారు వెనకబడుతుంది.

ఇద్దరికీ రసీదులొచ్చాయి. నేను గోదాం చేరేసరికి వదిన బస్తా మీద కూర్చుని ఉంది.

"లే వదినా, అది నాది."

"నీదైతే నా కిందెందుకున్నది వదినా?"

రెండు రసీదులూ చదివాను. రెండింటి మీదా అదే నిమిషం, రెండింటి కిందా "నిల్వ సున్నా".

"లెక్క సరిగ్గనే ఉన్నది గదా," అన్నాడు సెక్రటరీ.

"ఒకటిలకెల్లి రెండు తీస్తే సున్నా ఎట్లయితది సారూ? ముసలోళ్ల బడిల సదివిన నాకే ఎరుక!"

కంప్యూటర్లు బిగించినతను తల గోక్కున్నాడు. "ఇద్దరు గుమస్తాలూ ఒకేసారి చూశారమ్మా. ఇద్దరికీ ఒకటుందని చూపించింది. ఇద్దరూ ఇచ్చేసి సున్నా రాశారు. ఒకరు చూసి రాసేదాకా రెండోవాళ్లకు తాళం పడాలి."

"గా తాళం నేనే," అని వదిన బస్తా మీద ఇంకాస్త సర్దుకుంది.

నేను పోయి బండెక్కి కూర్చున్నాను. బస్తా లేకుండా నేను కదలను, బండి లేకుండా బస్తా కదలదు.

"ఎవరో ఒకరు వదలాలమ్మా, లేకపోతే ఇద్దరూ ఇక్కడే ఉంటారు," అన్నాడతను.

"ఆమెకు చెప్పు!" అన్నాం ఇద్దరం, ఒక్కసారే.

"ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండమ్మా!"

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. తడిస్తే ఇద్దరికీ దక్కదు. ముందు దిగింది నేనే, వదిన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. బస్తా విప్పి కుంచంతో చెరిసగం కొలుచుకున్నాం. ఆ ఏడు నా పొలం సగం బీడే.

మర్నాటి నుంచి ఇద్దరు గుమస్తాలకూ ఒకటే రబ్బరు ముద్ర. అది చేతిలో ఉన్నవాడే నిల్వ చూడాలి.

ఆ రోజు అక్కడున్నది నేను, వదిన, గుమస్తాలిద్దరు, సెక్రటరీ, కంప్యూటరతను, విత్తనాలు అయిపోయాయని తెలిసినా మా పంచాయితీ కోసం కదలని రెండు వరసల జనం, ఒక్క కాడి కింద మా ఎడ్లు రెండు.