బొజ్జన్న తినమంటేనే తినే కుక్క

కర్నూలు రాజధాని అయిన ఏడు, ఆలూరు దగ్గరి పల్లెలో ఉండే బొజ్జన్న సంత నుంచి ఒక నల్ల కుక్కపిల్లను చంకన పెట్టుకుని వచ్చాడు. దాన్ని గడప బయట దించి, "నేను దీన్ని పెంచేది చూడు మే. ఊరంతా వచ్చి నేర్చుకుని పోవాల" అన్నాడు పెండ్లాంతో.

ఈరక్క రొట్టె తట్టడం ఆపలేదు. ఎద్దుల్ని తోలుకొచ్చినప్పుడూ ఆయన ఈ మాటే అన్నాడు. ఆమెను పెళ్లాడి తెచ్చినప్పుడు తన తల్లితో అన్నదీ దాదాపు ఇదే.

బొజ్జన్నకు ఉన్నది కాస్త నల్లరేగడి చేను. వాన ఆయన మాట వినదు. పత్తి వినదు. సంతలో బేరగాడు అసలే వినడు. అందుకని వినేవాళ్లను ఇంట్లోనే తయారు చేసుకునేవాడు.

కుక్కపిల్లకు ఆయన నేర్పిన విద్య ఒక్కటే. చిప్పలో సంకటి పెట్టి, వేలెత్తి "ఊహూ" అంటాడు. మూతి పెట్టిందా, చింతబరికెతో ఒక్కటి తగిలిస్తాడు. అది వణుకుతూ, చొంగ కార్చుకుంటూ ఆయన మొహమే చూస్తూ కూర్చోవాలి. ఈయనగారు బీడీ ముట్టించి, తీరిగ్గా తాగి, పీక నలిపి, అప్పుడు "ఊ, తిను" అంటాడు. అరుగు మీద చేరిన మగవాళ్లు "ఏం బుద్ధప్పా దీనికి!" అని మెచ్చుకునేవాళ్లు. నోరులేని పిల్లను ఆకలికి మాడ్చడంలో ఇంత ఘనత ఏముందో ఈరక్కకు అర్థమయ్యేది కాదు.

ఆమెకు మొదట కోపం పిల్ల మీదే వచ్చింది. "తిండి ముందర పెట్టుకుని వాని మొగం చూస్తాండావే, సిగ్గు లేదా నీకు?" అని విసుక్కుంది.

అంతలో బొజ్జన్న కర్నూలుకు బయలుదేరాడు. "గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టినారంట, నేను చూడకపోతే ఎట్ల?" అన్నాడు. ఆయన కోసమే సర్కారు ఆగినట్టు!

ఆ పూట పిల్ల సంకటి ముట్టలేదు. ఈరక్క "తిను" అంది. కదల్లేదు. గొంతు బొంగురు చేసి మొగుడిలాగా అంది. అది వాకిలి వైపు చూసి మళ్లీ తల వాల్చింది. మర్నాటికి దాని డొక్కలు లోపలికి పోయాయి. దాని పక్కన కూలబడ్డాక, తన కళ్లు తిరుగుతున్నాయని ఈరక్కకు తెలిసింది. నిన్న పొద్దున్నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు. మొగుడు తిని, చెయ్యి కడిగి, "ఇంక నువ్వు తిను" అనేదాకా చట్టి ముట్టని ఇల్లు అది. ఇప్పుడు ఆ మాట అనేవాడు ఊళ్లో లేడు.

"థూ, మన బతుకు" అంది పైకే.

చట్టి తెచ్చి నేల మీద పెట్టుకుని, పిల్ల చూస్తుండగా ముద్ద మీద ముద్ద మింగింది. అదే చేత్తో దాని మూతికి అందించింది. అది బరికె కోసం అటూ ఇటూ చూసి, నాకి, ఆబగా తినేసింది.

ఆ తర్వాత దానికి కావలసిన బుద్ధులు ఆమే నేర్పింది. పిలిస్తే వచ్చినప్పుడు రొట్టెముక్క ఇచ్చేది. కోళ్ల వెంట పడితే ఏమీ పెట్టకుండా మొహం తిప్పుకునేది. బరికె పొయ్యిలోకి పోయింది.

బొజ్జన్న తిరిగి వస్తూ పక్కూరి దేవేంద్రప్పను వెంటబెట్టుకొచ్చాడు. "నా కుక్క యవ్వారం చూద్దువు రాప్పా" అని కూర్చోబెట్టి, చిప్ప పెట్టి, వేలెత్తాడు. "ఊహూ."

పిల్ల తోక ఊపి తినడం మొదలుపెట్టింది.

బరికె కోసం వెదికాడు, దొరకలేదు. చెప్పు తీశాడు. ఈరక్క వచ్చి పిల్లకు అడ్డంగా నిలబడింది.

"కుక్కను చెడగొట్నావు మే!"

"యాడ చెడింది? పిలిస్తే వస్తాది, కోళ్ల జోలికి పోదు, గడప దాటి లోపలికి రాదు. ఆకలైతే తింటాది. నాకూ ఆకలైతాండాది."

రొట్టె తెచ్చుకుని, మొగుడి ఎదుటే, పరాయి మగవాడి ఎదుటే, గోడకానుకుని తినసాగింది. దేవేంద్రప్ప "నాకూ ఒకటి పెట్టక్కా, శానా దూరం నడిచినా" అన్నాడు. బొజ్జన్న మాత్రం చెప్పు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

సంత కుక్కలకు జాతి ఉండదని ఆయన అరుగు మీద శానాళ్లు చెప్పుకున్నాడు. ఆ జాతిలేని కుక్క పెద్దదై ఈరక్క వెంట చేనికి పోయి కావలి కాసింది. బొజ్జన్న తర్వాత ఒక చిలకను తెచ్చుకున్నాడు. పంజరం తలుపు తీసి, "రా" అని వేలు చాపితే అది ఎగిరిపోయింది.