సముద్రం లేని దేశానికి ఓడలు

దివాలా మాస్టారి చేతిలో ఒక దేశాన్ని పెడితే గంట తిరిగేలోగా ముంచేసేవారు. నిజానికి ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. పేపర్లో దేశం అప్పు గురించి ఎంత చదివినా బుర్రకెక్కడం లేదని సాయంకాలం ఆర్థికశాస్త్రం క్లాసులో చేరారు. అక్కడ మేడం పాఠమంతా కంప్యూటర్ ఆటలోనే చెప్పేది. తలా ఒక దేశం. పన్నులు వెయ్యాలి, ఖర్చులు పెట్టాలి, అప్పు పెరక్కుండా చూసుకోవాలి. చివర్లో ఎవరి దేశం ఎక్కడుందో గోడమీది పెద్ద తెరపై వరసగా పడుతుంది.

అట్టడుగున ఎప్పుడూ మాస్టారే. ఒకసారి సముద్రమే లేని దేశానికి ఓడలు కొన్నారు. ఇంకోసారి పన్నులన్నీ ఎత్తేసి, జీతాలు రెట్టింపు చేసి, పాత అప్పుకి వడ్డీ కట్టడానికి కొత్త అప్పు తెచ్చారు. క్లాసంతా పడీ పడీ నవ్వేది. అదేం పని మాస్టారూ అని మేడం తల పట్టుకుంటే, "చెయ్యి జారిందమ్మా" అంటూ కళ్లజోడు తుడుచుకునేవారు.

మేడంకి మాత్రం లోపల ఉడికిపోయేది. ఇన్నాళ్లు చెప్పినా ఈయనకి ఎక్కలేదంటే తను చెప్పడంలోనే ఏదో లోపం ఉందేమోనని బెంగ. పైవాళ్లు క్లాసు చూడ్డానికి వస్తున్న రోజున, ఇవాళ్టికి ఆడకండి, ఊరికే కూర్చోండి అని అనేసింది. మాస్టారు ఏదో చెప్పబోయి, తలూపి, వెనక బెంచీలో కూర్చున్నారు.

ఆ రోజు అట్టడుగున పడింది కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. నోట్లో నాలుక లేని పిల్ల. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ పేరు పైకి చదివి మరీ నవ్వాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. చదువు తనకి అచ్చిరాదని చెప్పి బట్టల దుకాణంలో పనికి కుదిరిందట. అది విన్నాక మేడంకి ముద్ద దిగలేదు.

మాస్టారితోనైనా చెప్పుకుందామని వాళ్లింటికి వెళ్తే, ఆయన అదే ఆట ఆడుకుంటున్నారు. మేడం తెరకేసి వంగి చూసింది. బడులు నడుస్తున్నాయి, పింఛన్లు అందుతున్నాయి, అప్పు ఏటికేడు తగ్గుతోంది.

"మరి క్లాసులో ఎందుకు ముంచుతారు మాస్టారూ?"

"ఇక్కడ నా పక్కన ఎవరూ లేరు కదమ్మా. అక్కడ ఎవరో ఒకరు అడుగున పడాలి. ముసలాణ్ణి, నాకేం పోయింది?"

ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల మిగిలేది కదా అని మేడం కళ్లు ఒత్తుకుంది. తెలిస్తే వాళ్లకి అది గెలుపెలా అవుతుందన్నారు మాస్టారు.

ఆవిడ దుకాణానికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పుకుని, మళ్లీ రమ్మంది. చీరలు మడతపెడుతూనే, చూస్తానంది ఆ పిల్ల. క్లాసు వేళకి దుకాణం వాళ్లు వదలరు. కిటికీ పక్క చోటు మళ్లీ నిండనేలేదు. అటు చూసినప్పుడల్లా మేడంకి మనసు చివుక్కుమంటూనే ఉంది.

తర్వాతి ఆటలో మాస్టారు మళ్లీ దిగారు. సగంలో ఉండగా తెరమీద ఇంకో దేశం వెలిగింది. ఆ పిల్లే, దుకాణంలోంచి, ఫోన్లో. ఆట ముగిసి వరస పడింది. ఆ పిల్ల కింద మాస్టారున్నారు. ఆయన అలవాటుగా కళ్లజోడు తియ్యబోయి ఆగిపోయారు. తన కిందా ఒక దేశం ఉంది. ఎడారిలో ఇంటింటికీ గొడుగులు పంచి దివాలా తీసింది.

ఎవరిదా అని ఆయన చుట్టూ చూశారు.

"చెయ్యి జారింది మాస్టారూ," అంది మేడం.