గుడ్డకు అటువైపు

మా అక్క కటింగ్ మాస్టర్. టైలరింగ్ షాపులో మగాళ్లు మెషిన్ల మీద కూర్చుంటే, ఈవిడ బల్ల దగ్గర నిలబడి కత్తెర ఆడించేది. ఇంట్లో కూడా ఆమెను కత్తెర అనే పిలిచేవాళ్లం, నోరూ అలాంటిదే కనుక. షాపు తగలబడి, గుండీలు కుట్టే పెద్దావిడ, అందరూ పిన్ని అని పిలిచే మనిషి, పొగలో చనిపోయిన రోజు నుంచి ఆ నోరు మూతపడింది. నాలుగు నెలలు. పిన్నిని వదిలేసి తన దారి తను చూసుకుందని ఎవరో అన్నారు. అక్క కాదనలేదు.

ఆసుపత్రిలో వారానికోసారి బొమ్మలు వేయించే మేడమ్ దగ్గరికి నేనే లాక్కెళ్లేదాన్ని. "బొమ్మలేసుకోవడానికి ఇదేమన్నా చిన్నపిల్లా?" అని బావ నా మీద ఎగిరేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మకం లేదు. కాగితం ఇస్తే అక్క ముట్టుకునేదే కాదు. ఐదో వారం మేడమ్ పల్చటి తెల్లగుడ్డ, టైలర్లు వాడే నీలం సుద్ద బల్ల మీద పెట్టారు. అక్క గుడ్డను తడిమి, తిరగేసి, ఓ గీత గీసింది. ఆ రోజు నేను బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చాను.

ఎనిమిదో వారం బావ కూడా వచ్చాడు, జేబులో కాగితంతో. అక్కను మానసిక రోగుల వార్డులో చేర్చే కాగితం. అతణ్ణి పూర్తిగా తప్పుపట్టలేను. ముందురోజు అక్క గ్యాస్ తిప్పి, వెలిగించకుండా అలాగే నిలబడిపోయింది.

"ఇవాళ కూడా ఏమీ తేలకపోతే సంతకం పెట్టేస్తా," అన్నాడు.

అక్క షాపు గదిని గీస్తోంది. మూడు మెషిన్లు, కటింగ్ బల్ల, మూలన గుండీల బల్ల, తలుపు. ఒక్కో మెషిన్ నుంచి తలుపు దాకా కుట్టు వేసినట్టు చుక్కల గీత. బావ వంగి చూశాడు.

"తలుపు ఉండేది కుడివైపు కదా! ఎడమవైపు పెట్టింది. చూడండి మేడమ్, పన్నెండేళ్లు పనిచేసిన గది కూడా గుర్తులేదు." పెన్ను తీశాడు.

తలుపు నిజంగానే అటు లేదు. అక్క చేతిలో సుద్ద ఆగిపోయింది. ఆ సుద్దను చూశాకే నా మట్టిబుర్రకు తట్టింది.

"ఆగు బావా! మాస్టర్లు ఎక్కడైనా గుడ్డకు మంచివైపు గీస్తారా? మరక పడదూ? అక్క గీసింది వెనకవైపు!"

గుడ్డ లాక్కుని, తిప్పి, కిటికీ వెలుగుకు పట్టాను. తలుపు కుడివైపు ఉంది. మెషిన్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. బావ పెన్ను మూత పెట్టాడు.

మేడమ్ మాత్రం ఇంకోటి చూశారు. "ఈ గీత తలుపు దాకా వెళ్లి మళ్లీ లోపలికొచ్చిందే. ఇదెవరిదమ్మా?"

కటింగ్ బల్ల దగ్గర మొదలైన గీత అది. తలుపు దగ్గర వెనుదిరిగి, గుండీల బల్ల వైపు వెళ్లి, సగంలో ఆగింది. అక్క దాన్ని చాలాసేపు, ఎవరో గీసినదాన్ని చూసినట్టు చూసింది.

"నాది," అంది. గొంతు బొంగురుపోయింది. "వెనక్కెళ్లాను... పిన్ని చెయ్యి అందలేదు. నేను పారిపోలేదే, చెల్లీ."

బావ కాగితాన్ని చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడంతే. అక్క గుడ్డను నా చేతిలోంచి తీసుకుంది. మళ్లీ తిరగేసి, సగంలో ఆగిన గీతను గుండీల బల్ల దాకా కలిపి, దాని మీద తల పెట్టుకుని బావురుమంది.