లేవి మామకు రెండు నిమిషాలు

లేవి మామ చనిపోయాడు. సమాధి దగ్గర చదవడానికి ఆయన జీవిత సంగ్రహం నన్ను రాయమంది అత్త విశ్వాసమ్మ. "ఏదీ ఇడ్సిపెట్టద్దు నాయనా" అని ఏడ్చింది. పుట్టుక, బాప్తిస్మం, పెళ్ళి, గుంటూరు మిరపకోతల వలసలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ రాసుకుని శ్మశానానికి పోయాను.

పాస్టరు కాగితాలు చూసి, "రెండు నిమిషాల్లో ముగించప్పా, ఎండ శానా ఉండాది" అన్నాడు.

మా ఊళ్ళో అందరి బతుకుల్లోనూ ఉండేవి కొట్టేస్తూ పోయాను. ఒక్క సంగతి మిగిలింది. అదే చదివాను: "ఇన్నేళ్ళూ మనవాళ్ళ సమాధులన్నీ లేవి మామ గడ్డపారతో తవ్వాడు. ఈరోజు ఆయన కోసం గడ్డపార పట్టేవాడు లేక జేసీబీ తెచ్చాం."

ఎవరూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏమీ ఇడ్సిపెట్టలేదులే నాయనా" అంది.