శ్రద్ధాంజలి పేజీ

పంజగుట్టలో ఒక చిన్న దినపత్రిక ఆఫీసులో శ్రద్ధాంజలి పేజీకి నేను ప్రోగ్రాం రాశాను. అమీర్‌పేటలో కోచింగ్ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. చనిపోయినవాళ్ల పేరు, ఫొటో, దశదిన కర్మ తేదీ ప్రకటనల విభాగం వాళ్లు ఎక్కించేవారు. నా ప్రోగ్రాం వాటిని లెక్కపెట్టి, పేజీని గళ్లుగా విడగొట్టి, ఎవరి ఫొటో ఎక్కడుండాలో సర్దేది. మనుషులు పెరిగితే గళ్లు చిన్నవయ్యేవి.

అంతకుముందు ఆ పేజీని చేత్తో పెట్టినాయన నా పక్క సీట్లోనే కూర్చునేవాడు. సనత్‌నగర్ మనిషి. అన్నా అని పిలిచేదాన్ని. తన పని లాక్కున్నానని ఒక్కసారీ అనలేదు. పేజీ తయారవగానే నా స్క్రీన్ వైపు వంగి, "గా ముసలాయన చెవు కోసింది సూడు నీ ప్రోగ్రాం" అనేవాడు. నేను దిద్దుకునేదాన్ని.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఫొటోలు బొటనవేలి గోరంత అయిపోయాయి. అన్న ఊరుకోలేదు.

"మొఖమే గుర్తువట్టకపోతే ఇంక అచ్చేసుడెందుకు చెల్లె? జర పెద్దగుంచు."

రెండో పేజీ ఇమ్మంటే మేనేజర్ కుదరదన్నాడు. దాంతో ఫొటో ఒక కొలత కంటే తగ్గకుండా ప్రోగ్రాం మార్చాను. ప్రకటన ముందు ఇచ్చినవాళ్లవి ముందు వచ్చేవి, పట్టనివి మర్నాటికి జరిగేవి.

కొద్దిరోజులకే అన్న భార్య ఆసుపత్రిలో చనిపోయింది. అన్నకూ జ్వరమే. ప్రకటన ఆలస్యంగా పంపాడు. కర్మ ముందురోజు మధ్యాహ్నం తనే ఆఫీసుకు వచ్చాడు. చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది.

"మాది వచ్చిందా?"

"లేదన్నా. రేపటి పేజీ నిండిపోయింది. మీది ఎల్లుండికి వెళ్లింది."

"ఎల్లుండి వస్తే ఏం లాభం? రేపే దినాలు. చుట్టాలకు సుత తెల్వదు. ఫోన్లు చేసే ఓపిక లేకుండె నాకు."

"చివరి గడి మార్చొచ్చు. కానీ అందులో ఉన్నమ్మాయికి కూడా రేపే కర్మ."

ఇరవై ఏళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. కాలేజీ గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటో. అన్న చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"పెట్టు చెల్లె."

పెట్టాను. మౌస్ తనే అందుకుని, భార్య ముఖం మీద వెలుతురు కొంచెం పెంచాడు. పేజీ ప్రెస్సుకు వెళ్లేదాకా కూర్చుని లేచిపోయాడు.

మళ్లీ ఉద్యోగానికి రాలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర కనిపించాడు. చుట్టాలు వచ్చారా అని అడిగాను.

"ఇద్దరొచ్చిండ్రు. మిగిలినోళ్లు భయపడ్డరు." తర్వాత ఆయనే అడిగాడు. "గా పిల్లది ఎప్పుడేసిండ్రు?"

"మర్నాడన్నా."

"దినాలైనంకనా?"

"అవును."

వెనకనుంచి జనం తోస్తున్నారు. గోడవారకు జరిగి నిలబడ్డాం.

"ఆమె పేరు యాదికుందా నీకు?"

ఉంది. చెప్పాను. ఆయన ఆ పేరు ఒకసారి మెల్లగా పలికి, జనంతో పాటు మెట్లెక్కి వెళ్లిపోయాడు.