నడుస్తున్న దుకాణం

తడి గుడ్డమీద ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే ఆవిరి వాసనకు, ఇప్పటికీ జైతూన్ ఆపా నా వెనకే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. సిద్దిపేట బజారులో ఆమెది ఒక్క షటరు మడిగె. కిరాయి దుకాణం గదిని మా దిక్కు అట్లాగే అంటాం. లోపల కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, బడిపిల్లల యూనిఫాం తానులు. మా ఊరు వేములఘాట్ రిజర్వాయరు నీళ్ల కిందికి పోతుందని ఊరంతా ఖాళీ అయినప్పుడు, పని వెతుక్కుంటూ ఆ మెట్లెక్కాను.

"ఏం కుట్టొస్తది?" అని అడిగింది.

"జాకెట్లు వస్తయి."

"ఒంటిమీదిది నువ్వు కుట్టిందేనా?"

"అవునాపా."

నా భుజం కుట్టు వేళ్లతో పట్టి చూసింది. "అయితే రాదు. కూసో, నేర్పుత" అంది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. షటరు దించేముందు ఏ మిషనూ ఖాళీగా ఉండకూడదు. సగం కుట్టిన గుడ్డ సూది కింద పెట్టి, సూది దించి లేవాలి. ఒకరోజు నా వాటా పని మొత్తం ముగించి గొప్పగా నిలబడ్డాను. ఆపా మెచ్చుకోలేదు. "ఖాళీ మిషన్ మీద తాళమేస్తే రేపు ఎందుకొస్తవే? ఇంకో గుడ్డ తియ్యి, నాలుగు కుట్లు వేసి పో" అంది. గుండీలు కుట్టే యాదమ్మ పకపకా నవ్వింది. "మా ఆపా గంతే బిడ్డా. లాగుకు ఒక్క కాలు కుట్టి మనల్ని ఇంటికి తోలుతది." యాదమ్మకు చూపు తగ్గింది, చెయ్యి నెమ్మది. కానీ ఆమె కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడేది కాదు.

తర్వాత ఆపాకు మోకాళ్లు పట్టేశాయి. జహీరాబాదులో ఉన్న కూతురు వచ్చేయమంది. మడిగె అగ్రిమెంటు ఇంకా కొన్నేళ్లు మిగిలే ఉంది. ఆపా ఎవరిని చూపిస్తే వారికే మారుస్తానన్నాడు ఓనరు, కాకపోతే నెలాఖరులోపు తేల్చమన్నాడు. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలనుకునే ఒకతను మధ్యవర్తిని పంపాడు. అతనికి ఖాళీ గది కావాలి. నాకూ ఆ మడిగె మీదే ప్రాణం. నా చిట్టీ పైసలకు మడిగె, ఒక మిషను వస్తే చాలు, జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతాను అనుకున్నాను. యూనిఫాంలంటే భయం. బడులు తెరిచే ముందు అదొక యుద్ధం.

ఆపా నన్ను వెంటబెట్టుకొని, ఆమె జీఎస్టీ లెక్కలు చూసే సారు దగ్గరికి పోయింది. మధ్యవర్తీ వచ్చాడు. సారు నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. "ఉట్టి మడిగె కిరాయి హక్కు అమ్ముతే దానిమీద పన్ను పడ్తదమ్మా. నీకు జీఎస్టీ నంబరున్నది గనుక తీసుకునేటోళ్ల దగ్గర వసూలు జేసి నువ్వే కట్టాలె. ఓనరు దగ్గరున్న డిపాజిట్ మీద పడది, అది మళ్ల వాపసొచ్చే సొమ్ము."

 చిట్టీ పైసలు హక్కుకు, ఒక మిషనుకే సరిపోతాయి, పైన పన్ను నేనెక్కడినుంచి తేవాలి?

సారు ఇంకోమాట చెప్పాడు. "నడుస్తున్న దుకాణాన్ని నడుస్తున్నట్టే మొత్తం అప్పజెప్తే వేరే లెక్క. మిషన్లు, ఆర్డర్లు, పనోళ్లు, అగ్రిమెంటు అన్నీ ఒక్కసారే చేతులు మారాలె. దానికి మాఫీ ఉన్నది."

మధ్యవర్తి ఎగిరి గంతేశాడు. "గంతేనా! మేము గూడ గట్లనే రాపిచ్చుకుంటం. తెల్లారి మిషన్లు తీసేస్తం. ఎవలొచ్చి చూస్తరు ఆపా?"

"నేను చూస్త" అంది ఆపా. "దుకాణం నడవకుంటే నడుస్తున్నదని నేను సంతకం పెట్ట."

బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడి నా వైపు తిరిగింది. "నీకూ గదే మాట బేటీ. ఉట్టి జాగ అడిగితే పన్ను కట్టు. దుకాణం అడిగితే యాదమ్మతోని సహా తీసుకో, బడి ఆర్డర్లతోని సహా. మిగిలిన మిషన్ల పైసలు నడుపుకుంట మెల్లగ ఇయ్యి. సగం సగం నడ్వది."

నాకు మా ఊరు కళ్లలో తిరిగింది. పరిహారం కోసం ఇల్లు కొలిచారు, జాగ కొలిచారు. పొద్దున్నే అరుగుమీద కూర్చొని ఒకరినొకరు పిలుచుకునే ఊరిని కొలిచే టేపు ఎవరి దగ్గరా లేదు. నడిచేదాన్ని ఆపితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు?

"మొత్తం తీసుకుంట ఆపా. లాగులు కత్తిరిచ్చుడు రాదు. నేర్సుకుంట."

"రాదని నాకెర్కే. అందుకే నెలాఖరుదాంక ఈడనే ఉంట" అంది.

ఆ నెలంతా నాకు కత్తిరింపు నేర్పింది. తప్పు కోస్తే చేతిమీద టేపుతో కొట్టింది. కాగితాలు మారిన రోజు షటరు దించలేదు. ఆపా ఒక చొక్కాకు జేబు కుడుతూ కుడుతూ సగంలో సూది దించి, మిషను మీంచి లేచింది. "రా, కూసో" అంది. పీట ఇంకా వెచ్చగా ఉంది. నేను మిగతా జేబు కుట్టి తల ఎత్తేసరికి, యాదమ్మ భుజం పట్టుకొని ఆపా మెట్లు దిగుతోంది.

జహీరాబాదు నుంచి సాయంత్రాలు ఫోను చేసేది. బాగున్నావా అని అడిగేది కాదు. "సూది కింద ఏమున్నదే?" అనేది. ఆమె పోయాక ఆ ఫోను రాదు. యాదమ్మ మాత్రం ఇప్పటికీ గుండీలు కుడుతుంది. రాత్రి దించడానికి షటరు మీద చెయ్యి వేసినప్పుడు నేనే ఆపాకు వినబడేట్టు చెబుతాను. ఈరోజు నీలిరంగు చొక్కా ఆపా. కుడిచెయ్యి అయింది, ఎడమది ఇంకా ఎక్కించాలి.